సంసారపక్షపు ముచ్చట్లు: కడపటి విస్తరి

భారతకథలోని అక్షయపాత్ర వృత్తాంతము మన సోదరీమణు లెఱుగనిది కాదు. సూర్యభగవానుడు ప్రసాదించిన యా పాత్రలో ద్రౌపదీదేవి భుజించునంతవఱకు అన్నము తఱుగక యుండెడిది. ఆమె భుజించినదా, ఆనాటికి పాత్ర వట్టిదే. కావున భర్తలును, విప్రులును, అతిథులును తృప్తులైన పిమ్మటనే యామె తినుచుండెను. బాల్యమున నింటివద్ద పురాణము చదువు దినములలో ఈ కథ మాకు మిగుల ప్రీతిపాత్రముగా నుండెడిది. సంసారమున బడిన పిదప మాత్ర మొక సందేహము తోచినది. ద్రౌపది కడపట తినినను ఆమెకు లోపము లేదు, పాత్ర యట్టిది. మన పాత్రయో! సంతలో కొన్న అల్యూమినియపు తపేలా. అందఱును తిని లేచునప్పటికి పప్పు అడుగంటును. కూరలో ముక్కలు పోయి పోపు మిగులును. పెరుగుగిన్నెలో నీళ్లు పోసి తొలిచిన మజ్జిగ మిగులును. ఆ మిగిలిన మెతుకులలో ఇంత ఆవకాయ కలుపుకొని, "ఈ పూటకు గడచినది" అని లేచు గృహిణులు వీధి వీధికిని గలరు. దీనికి మనము పొదుపని పేరు పెట్టితిమి.

పొదుపును మేము నిందింప బోవుట లేదు. మూడేండ్లుగా ఈ పుటలలో పొదుపునే వ్రాయుచున్నాము. అయినను ఏ పద్దున ఎంత మిగిలినదో చూచుకొను మనము, ఇల్లాలి యొంటిలో ఎంత తఱిగినదో లెక్క చూచుకొనుట లేదు. ఆ లెక్క యిట్లున్నది. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో దేశమంతటను నూటికి 57 మందికి రక్తహీనత గలదని తేలినది. ఆంధ్రప్రదేశమున నూటికి 58.8, తెలంగాణమున 57.6. అదే వయస్సు పురుషులలో దేశమంతటను నూటికి 25 మాత్రమే. ఒకే పొయ్యిమీది వంట తిను వారిలో ఇంత భేద మేల కలుగవలెను? నెలనెలకు పోవు రక్తము కొంత, కాన్పులు కొంత, కడపటి విస్తరి కొంత. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించిన ప్రమాణముల ప్రకారము పురుషునకు దినమునకు 19 మిల్లీగ్రాముల ఇనుము చాలును, స్త్రీకి 29 కావలెను. ఎవరికి హెచ్చుగా కావలెనో వారి వంతు వచ్చుసరికే గిన్నె ఖాళీ యగుచున్నది.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. చరకసంహిత చికిత్సాస్థానమున పాండురోగమునకై ప్రత్యేకముగా నొక యధ్యాయమే గలదు. అందులో ఇనుము చేర్చిన నవాయస చూర్ణము వంటి యౌషధములు చెప్పబడినవి. పాండురోగ మైదు విధములని విభజించి, మన్ను తినుటవలన గలుగు దాని నైదవదిగా చేర్చుట మిక్కిలి విశేషము. మన్ను, బలపము, సుద్ద, పచ్చిబియ్యము మొదలగు వానిమీదికి మనసు పోవుట రక్తహీనతలో కానవచ్చు లక్షణమని నేటి వైద్యులును చెప్పుచున్నారు. మన యిండ్లలో దీనిని వేడుకగా జూచి, "బియ్యము తినిన దాని పెండ్లికి వాన కురియును" అని నవ్వి యూరకుందుము.

మా వీధిలో అపరాహ్ణమున పనులు ముగించుకొని అయిదారుగురము ఒకరి వసారాలో కూడుట వాడుక. చేతిపని తెచ్చుకొందుము: ఒకరు పప్పు బాగుచేతురు, ఒకరు జాకెట్టునకు హుక్కులు కుట్టుదురు. ఊరి కబురు లుండవని చెప్పజాలము. కడచిన వేసవిలో నిట్లు కూర్చున్నప్పుడు, ముప్పదినాలుగేండ్ల మా స్నేహితురా లొకతె చేటలో బియ్యము చెఱుగుచు, గుప్పెడు నోట వేసికొనుచు నుండెను. డెబ్బదేండ్ల మామ్మగారు కొంతసేపు చూచి, "ఏమే, బియ్యం చెరుగుతున్నావా, మేస్తున్నావా?" అనిరి. అందఱము నవ్వితిమి. మామ్మగారు మాత్రము నవ్వలేదు. ఆమెను దగ్గఱకు పిలిచి, క్రిందిరెప్పను బొటనవ్రేలితో లాగి చూచిరి. లోపల ఎఱ్ఱదన మనునది లేదు, సున్నము వేసిన గోడవలె నున్నది.

"ఏమీ లేదు మామ్మగారూ, మేడ మెట్లెక్కితే కాస్త ఆయాసం, అంతే" అనెను. పిదప, తలవంచుకొని, "నెలనెలా పదేసి రోజులు. గుడ్డలకి గుడ్డలు. ఎవరితో చెప్పుకోను?" అనెను. ఇంకను అడుగగా తెలిసిన దేమనగా, రెండు నెలలక్రిందట ఎవరికిని చెప్పక ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఒంటరిగా పోయినదట. అచ్చట గర్భసంచి తీసివేయుట తప్ప వేఱు మార్గము లేదనిరట. అందుకై చేతిగాజులు తాకట్టు పెట్టుటకు నిశ్చయించుకొని, భర్తకు తెలిసిన కష్టపడునని దాచుచున్నదట. ముగ్గురు బిడ్డల ఫీజులు కట్టు మాసమిది, తన యొంటికై ఖర్చా యని యామె సంకోచము.

మామ్మగారు కొంచెము సేపు పలుకలేదు. "గాజులు తర్వాత సంగతి. ముందు రక్తం చూపించుకో" అనిరి.

ఆ మఱునాడు మే మిరువుర మామెను వెంటబెట్టుకొని సర్కారు ఆసుపత్రికి పోతిమి. మూడవ యామె పిల్లలకు భోజనము పెట్టెను. రక్తపరీక్షలో హీమోగ్లోబిను 7.4 గ్రాములని వచ్చినది. గర్భిణి కాని స్త్రీకి 12 గ్రాములును, గర్భిణికి 11 గ్రాములును ఉండవలెనని లెక్క. 8కి దిగిన, గర్భిణి కాని స్త్రీకి తీవ్రమైన రక్తహీనతగా ఎంచుదురు. అచ్చటి డాక్టరమ్మగారు స్కానింగు తీయించి చూచి, చిన్నగడ్డ యొకటి గలదనియు, గర్భసంచి తీయు మాట ఇప్పుడే యెత్త నక్కఱలేదనియు, ముందు రక్తస్రావమును తగ్గించు మందులును, ఇనుము ఇంజక్షనులును ఇచ్చి చూతమనియు చెప్పిరి. మందులకు లొంగకున్న అప్పు డాలోచింతమని కూడ స్పష్టముగా చెప్పిరి.

భర్తకు చెప్పు టెట్లన్నది మిగిలిన చిక్కు. ఆమె చెప్పజాలదు, మేము చెప్పుట బాగుండదు. మా యింటివా రొక సాయంకాలము ఆయనతో నడకకు పోయి ప్రస్తావించిరి. "నాతో చెప్పనేలేదే!" యని ఆయన దారిలోనే నిలబడిపోయిరట. నాటినుండి ఆ యింట రాత్రి భోజనము అందఱును కలిసి కూర్చుండి చేయుచున్నారు. నాలుగు నెలలలో హీమోగ్లోబిను 10.8కి వచ్చినది. ఇంకను రావలసియున్నది, మందు మానలేదు.

గర్భసంచి సంగతి ఇంతటితో విడువరాదు. దేశమున గర్భసంచి తీయించుకొన్న స్త్రీలు హెచ్చుగా నున్నది మన రెండు తెలుగు రాష్ట్రములందే యని ఆ జాతీయ సర్వేలే చెప్పుచున్నవి. వారిలో నలువదేండ్లు నిండనివా రనేకులు. కొందఱికి అది ప్రాణము నిలుపు చికిత్సయే, సందేహము లేదు. కాని అక్కఱలేని కోతలును జరుగుచున్నవని గుర్తించియే కేంద్ర ప్రభుత్వము 2022లో మార్గదర్శకములు ప్రకటించినది. వానిని అమలుపఱుపవలెనని సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రముల నాదేశించినది. చిన్నవయస్సున గర్భసంచితోపాటు అండాశయములను కూడ తీసివేసిన ఎముకలు పెళుసుబాఱును, గుండెకును చేటు. కావున ఒకరు తీయవలెనన్న, మఱియొక డాక్టరును చూపించుకొని, "మందులతో కుదురదా?" యని యడుగుట తప్పు కాదు. ఆ ప్రశ్న ఒంటరిగా పోయిన స్త్రీ నోట రాదు. ప్రక్కన స్నేహితురా లున్న వచ్చును. ఏడు దినములకు మించి స్రావ మగుచున్నను, గంట గంటన్నరకే గుడ్డ మార్చవలసి వచ్చుచున్నను, గడ్డలుగా పడుచున్నను అది "ఒంటితత్త్వము" కాదు. చూపించుకొనవలెను.

ఇక మాత్రల మాట. 2018లో ఆరంభమైన అనీమియా ముక్త భారత్ పథకము క్రింద గర్భిణులకు నాల్గవ మాసమునుండి దినమున కొకటి చొప్పున 180 దినములును, కాన్పైన పిదప మఱి 180 దినములును ఈ మాత్ర లిచ్చుట విధి. ఇతర స్త్రీలకు వారమున కొకటి. ఒక్కొక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుమును, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును ఉండును.

ఈ ఫోలిక్ ఆమ్లము చరిత్రలో మన గోదావరి సీమకును భాగము గలదు. 1928లో లూసీ విల్సు అను ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేయు పేద గర్భిణుల రక్తహీనతను పరిశోధించెను. వారి తిండిలోనే ఏదియో కొఱవడుచున్నదని కనిపెట్టి, చవుకగా దొరకు ఈస్టుసారము నిచ్చి నయము చేయవచ్చునని 1931లో ప్రకటించెను. ఆ సారములోని గుణ మేదియో అప్పటికి తెలియదు. 1941లో పాలకూరనుండి దానిని వేఱుచేసిన శాస్త్రజ్ఞులు, ఆకునుండి వచ్చినది గాన, లాటినులో ఆకు అను నర్థము వచ్చునట్లు దానికి పేరిడిరి. 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకుడు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన సోదరు లిరువురు స్ప్రూ అను గ్రహణివంటి వ్యాధితో కొలది దినముల యెడమున మరణించిరి. ఆ వ్యాధికే పిదప ఫోలిక్ ఆమ్లము మందైనది. ఇంతమంది శ్రమ యొక చిన్నమాత్రలో నిమిడి ఆశా కార్యకర్త చేతులమీదుగా మన గుమ్మమునకు వచ్చుచున్నది. దానిని మనము బీరువా సొరుగులో పడవేయుచున్నాము.

పడవేయుటకు కారణము లున్నవి. కడుపులో త్రిప్పును, మలబద్ధకము కలుగును, మలము నల్లబడును. మా స్నేహితురాలు ఇంజక్షనులు పూర్తియై మాత్రలు మొదలిడిన మూడవనాడే నలుపు చూచి బెదరి, మాన బోయినది. ఆ నలుపు ఇనుమువలన కలుగునదే, భయపడ నక్కఱలేదు. పరగడుపున పడనివారు భోజనమైన పిదప, రాత్రి పండుకొనుటకు ముందు వేసికొనవచ్చును. కాల్షియము మాత్రతో గాని, పాలతో గాని కలిపి వేసికొనిన దీని గుణము పోవును. పరీక్షలో అంకె సరియైనంత మాత్రమున మానరాదు. ఒంటిలో నిలువ చేరుటకు మఱికొన్ని నెలలు పట్టును. డాక్టరు మానుమన్నప్పుడే మానవలెను. వసారాలో చేరగానే మామ్మగారు మొదట అడుగునది, "నిన్న మాత్ర వేసుకున్నావా?" యనియే. మందుడబ్బామీద వ్రాసిన విధులకంటె ఆ ప్రశ్న యెక్కువ పనిచేసినది. పాలిపోయిన వారందఱికిని ఇనుము లోపమే యనరాదు. కడుపులో నులిపురుగులు, బి12 లోపము, ఇతర వ్యాధులును కారణము కావచ్చును. పరీక్ష చేయించుకొనక మాత్రలు కొని మ్రింగుట ఈ నలుగురి స్నేహములో మేము సమ్మతింపము.

వంటయింటిలో చేయదగిన దేమి? ఇందు ఖర్చుకంటె క్రమము ముఖ్యము. దానిమ్మపండు, ఖర్జూరము కొనలేమని చింతించు సోదరీమణు లనేకులు ఉత్తరములు వ్రాయుచున్నారు. దానిమ్మగింజలలో ఇనుము మిక్కిలి స్వల్పము. బీటుదుంప ఎఱ్ఱగా నున్నది గాన రక్తమగునని నమ్ముట రంగును జూచి మోసపోవుటయే. బెల్లము మంచిదే, కాని బెల్లపుముక్కను నమ్ముకొని కూర్చుండరాదు. తోటకూర, మునగాకు, ఉలవలు, పెసలు, సెనగలు, నువ్వులు మన సీమలో చవుకయైనవి. మాంసాహారుల కింకను సులభము. మాంసములోని ఇనుము ఒంటికి త్వరగా పట్టును. శాకాహారములోని ఇనుము పట్టుట కొంత కష్టము గాన దానికి తోడు కావలెను. ఆ తోడు పులుపులోని సి విటమిను. నిమ్మరసము, ఉసిరికాయ, జామపండు ఇందుకు మేలైనవి. నిమ్మరసమును ఉడుకుచున్న పప్పులో పిండిన సారము వేడికి నశించును. దించిన పిదప, విస్తరిలోనే పిండుకొనుట మంచిది. పెసలు మొలకెత్తించినను, ఇడ్లీ దోసెల పిండి పులియబెట్టినను, గింజలలో ఇనుమును పట్టియుంచు పదార్థము తగ్గి ఇనుము ఒంటికి దక్కును.

భోజనము కాగానే కాఫీయో టీయో త్రాగుట మనలో పెక్కుమందికి అలవాటు. తినిన ఇనుమును అవి పట్టనీయవు. గంటసేపైన ఆగవలెను. ఇది చెప్పినందుకు మా వసారాలో మాకు కొంత అప్రియము కలిగినదని దాచనేల!

ఇనుప మూకుడును అటకమీదనుండి దింపుడు. నాన్‌స్టిక్ పెనములు వచ్చిన పిదప దానిని మూలకు త్రోసితిమి. చింతపండు పులుసు, టమాటా కూర వంటి పుల్లని పదార్థములు ఇనుప పాత్రలో ఉడికిన కొంత ఇనుము వంటలో చేరును. క్రొత్తదైన రెండుమూడు దినములు గంజి కాచి పాఱబోసి, నూనె రాచి, కసరు పోగొట్టుకొనవలెను. వండిన వెంటనే వేఱు గిన్నెలోనికి మార్చవలెను, లేకున్న కూర నల్లబడి లోహపురుచి వచ్చును. తోముటకు పీచు చాలును. తడి తుడిచి, చుక్క నూనె రాచి బోర్లించిన త్రుప్పు పట్టదు.

అన్నిటికంటె మామ్మగారి యుపాయము మాకు మిక్కిలి నచ్చినది. మూతగల చిన్నగిన్నె యొకటి తెచ్చి, పొయ్యిమీదినుండి పప్పు, కూర దించినంతనే, ఎవరికిని వడ్డింపకముందే, వండిన యామె భాగము అందులో తీసి మూత పెట్టవలెను. "దేవుడి నైవేద్యానికి ముందే తీస్తాంగా, ఇదీ అంతే" యని వారి సమర్థన. చుట్టము లనుకొనకుండ వచ్చినను ఆ గిన్నె మూత తీయరాదు. మఱి కాసిని బియ్యము పొయ్యి నెక్కించవలెను. మా వీధిలో ఇప్పు డిట్టి గిన్నెలు నాలుగు గలవు. అయిదవ యింట అత్తగారికి కొంచెము కష్టముగా తోచినదని వింటిమి. ఆ పెద్దావిడకును ఒక గిన్నె కొనియిచ్చిన యెడల ఏమనునో చూడవలెను.

ఆషాఢమున మునగాకు తినుట మన పెద్దల యాచారము. మిగిలిన మాసములకు పొడి చేసి యుంచుకొనుట మేలు. ఈనెలు తీసిన లేత మునగాకు నాలుగు సోలలు కడిగి, నీడను బట్టమీద పఱచి, తడి యంతయు పోవునట్లు ఆఱబెట్టవలెను. ఇనుప మూకుడులో సన్నని సెగమీద గలగల లాడునట్లు వేయించి తీయవలెను. పిదప సెనగపప్పు గిద్దెడు, మినపప్పు గిద్దెడు, నువ్వులు గిద్దెడు వేఱువేఱుగా వేయించవలెను. నువ్వులు చిటపటలాడగనే దింపవలెను. ధనియాలు రెండు చెంచాలు, జీలకఱ్ఱ ఒక చెంచా, ఎండుమిరపకాయలు పది, ఉసిరికాయంత చింతపండు కూడ వేడిచేసి, తగిన ఉప్పుతో కలిపి పొడికొట్టవలెను. వెల్లుల్లి వాడు వారు నాలుగు రెబ్బలు కడపట వేయవచ్చును. తడి తగులని సీసాలో నుంచి నెలలోపల వాడుకొనవలెను. మొదటి ముద్దలో ఒక చెంచా పొడి, కాసింత నెయ్యి. ఆకు ఎండునప్పుడును వేగునప్పుడును సి విటమిను చాలవఱకు పోవును గాన, ముద్ద కలుపునప్పుడు నిమ్మచెక్క పిండుకొనవలెను.